పటం మూల విరిగితే పారెయ్యకండి

సంపాదకులకు నమస్కారం.

దసరాకి సున్నాలు వేసే రోజులు. మా పర్లాకిమిడిలో ఏ వీధిలో చూసినా పాత పటాలు అరుగుల మీదికి చేరాయి, పాత సామాన్లవాడి కోసం. చూడలేక రాస్తున్నాను.

మా అమ్మమ్మ పెళ్ళినాటి జంట పటాలు మా ఇంట్లో ఉన్నాయి, లక్ష్మి, సరస్వతి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చాఫీసు పెట్టాక ఇంటింటికీ చేరిన రకం. సరస్వతి పటానికి ఒక మూల ఆకుల నగిషీ రాలిపోతే పటాలు కట్టే షాపులో ఇచ్చాం. అతను మిగతా మూడు మూలలూ ఉలితో గీకేసి, నాలుగూ సమానం చేసి, బంగారు రంగు పూసిచ్చాడు. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. రెండేళ్ళకే రంగు నల్లబడింది. అందులో ఉన్నది ఇత్తడి పొడి మరి.

ఆ నగిషీ చెక్కిన కర్ర కాదు. సుద్ద, వడ్రంగుల వజ్రం జిగురు, అవిసె నూనె, రాళ కలిపి ఉడికించిన ముద్దను చెక్క అచ్చులో నొక్కి తీసి అతికించేవారు. వానకి కర్ర ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పైనున్న ముద్ద మాత్రం రాయిలా బిగుసుకుని ఉంటుంది, అందుకే పగిలి రాలుతుంది. అచ్చులో తీసిందే కాబట్టి ఒక్క మూల మిగిలినా చాలు. లక్ష్మి పటం మూలకి పల్చగా మైనం రాసి, పళ్ళ డాక్టర్లు వాడే సిలికాన్ ముద్ద నొక్కాను. ఐదారు నిమిషాల్లో గట్టిపడింది. ఊడదీస్తే ఆకు ఈనెలతో సహా దిగింది! అందులో సుద్ద ముద్ద నొక్కి, వేడి తగ్గకముందే ఫ్రేము వంపుకు వంచి, వజ్రంతోనే అతికించాను. రేపు ఎవరైనా విప్పాలన్నా వేడినీటి తడికి ఊడొస్తుంది.

కొమ్ముతో పక్షుల్ని చెక్కే చేతులు మా ఊళ్ళోనే ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లలకి, పటాలు కట్టేవాళ్ళకి ఈ పని నేర్పించమని గజపతి జిల్లా అధికారుల్ని వేడుకుంటున్నాను. నేర్పడానికి నేను వస్తాను, డబ్బులేమీ వద్దు.

ఈలోగా పటాన్ని తడిగుడ్డతో తుడవకండి, బంగారు రేకు కింది సుద్దపూత కరిగిపోతుంది. రాలిన ముక్క గోరంత ఉన్నా కాగితంలో చుట్టి పటం వెనకే కట్టి ఉంచండి.

— రిటైర్డ్ డ్రాయింగు టీచరు, పర్లాకిమిడి