ఎడిన్‌బరా నుంచి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారం. నేను కులాసా. అమ్మ పంపిన కందిపొడి ఇంకా ఉందని చెప్పండి.

"మనుషులు ఎలా మసులుకుంటారో కూడా చదవాలేంట్రా, దానికి అన్ని లక్షలా?" అని మొన్న ఫోన్లో అడిగారు కదా. తీరిగ్గా రాద్దామని ఆగాను.

ఇద్దరు ఎదురుపడితే ఏం జరుగుతుందన్న దానిమీద మా సోషియాలజీలో ఒక్కో పండితుడిదీ ఒక్కో మాట. గాఫ్‌మన్ అనే కెనడా ఆయన అదంతా నాటకమే అంటాడు. 1949లో ఇక్కడికి ఉత్తరాన షెట్లాండ్ దీవులకి వెళ్ళాడు. అక్కడి హోటల్లో పనివాళ్ళు అతిథుల ముందు ఒకలా, వంటగదిలో ఇంకోలా ఉండడం గమనించాడు. దానిమీద ఆయన రాసిన పుస్తకాన్ని 1956లో మొదట అచ్చువేసింది మా యూనివర్సిటీయే. సంక్రాంతికి బావగారొచ్చినప్పుడు అమ్మ హాల్లో నవ్వుతూ "ఇంకో గారె వేసుకోండి బాబూ" అంటుంది, వంటింట్లోకి రాగానే పిండి చాలదేమోనని టెన్షన్. అదే ఇది.

గార్ఫింకెల్ ఇంకా చిత్రం. మీ ఇంట్లోనే అద్దెకుంటున్నవాళ్ళలా కాసేపు మర్యాదగా ఉండి చూడండని స్టూడెంట్లని పంపాడు. తల్లిదండ్రులు ఒంట్లో బాగోలేదా అని కంగారుపడ్డారు, కొందరు కోప్పడ్డారు కూడా. హోమన్స్ మాత్రం, 1958లో, అంతా ఇచ్చిపుచ్చుకోవడమే అని తేల్చేశాడు.

హోమన్స్ మాట వినగానే నాకు అమ్మ బీరువాలో దాచిన చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది. ఎవరింట్లో పెళ్ళయినా ముందు అది తీస్తుంది. వాళ్ళు మనకి 516 చదివిస్తే మనం 1,116. లెక్కే కదా అనిపిస్తుంది. మరి ఆ 516 ఉన్నదున్నట్టు తిరిగివ్వదేం? బాకీ తీర్చేసుకుని తెగతెంపులు చేసుకున్నట్టు వాళ్ళకి అనిపిస్తుందని. ఎంత తిరిగివ్వాలో ముందే బేరం కుదిరితే అది వ్యాపారమైపోతుందని 1964లో బ్లౌ అనే ఇంకో పండితుడు చెప్పిందీ ఇంచుమించు ఇదే. ఎదుటివాళ్ళ కళ్ళతో తనని తాను చూసుకోబట్టే మనిషికి 'నేను' అనేది ఏర్పడుతుందని వీళ్ళందరికంటే ముందే మీడ్ అనే ఆయన అన్నాడు. ఆ చూపు లేకపోతే గాఫ్‌మన్ వేషమూ నిలవదు, హోమన్స్ లెక్కా కుదరదు. పైకి ఎంత పోట్లాడుకున్నా వీళ్ళంతా కలిసేది అక్కడే.

నాకు నచ్చనిదీ ఉంది. వీళ్ళు ఎక్కువగా ఎదురుపడ్డ క్షణం నుంచే మొదలుపెడతారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కితే అవతలి గట్టు చేరేలోపే "ఏ ఊరండీ, ఎవరి తాలూకా?" అని అడుగుతారు. జవాబు విన్నాక ఆ 'అండీ' ఉంటుందో ఊడుతుందో చూడండి. మన అరుగుమీద ఎవరు కూర్చుంటారో, ఎవరు కింద నిలబడి మాట్లాడతారో మనం పుట్టకముందే తేలిపోయింది.

వ్యాసం దీనిమీదే రాద్దామనుకుంటున్నాను. తాతగారి రోజుల్లో కోతలకొచ్చినవాళ్ళకి అన్నం ఎక్కడ పెట్టేవారు, ఎందులో పెట్టేవారు? మీకు ఇబ్బంది లేకపోతే ఆదివారం ఫోన్లో చెప్పండి. అమ్మని కూడా అడగండి, తనకే ఎక్కువ గుర్తుంటుంది.

మీ
చిన్నోడు