సూది వాడినవారి ఎక్స్‌రేలో గుల్లలన్నీ టీబీ కావు

సంపాదకుడు గారికి,

వరంగల్, హనుమకొండల్లో మత్తు ఇంజెక్షన్లు పట్టుబడ్డ వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ సూది వాడిన పిల్లలు జ్వరం, దగ్గు, ఛాతీనొప్పితో ఆస్పత్రికి వచ్చాక ఏమవుతున్నారన్నది మాత్రం ఎవరూ మాట్లాడడం లేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గుల్లలు కనబడితే ముందు టీబీని అనుమానించాల్సిందే, మన దగ్గర అదే ఎక్కువ. కానీ టీబీ క్రిమిని పట్టే తెమడ పరీక్ష సీబీనాట్‌లో నెగెటివ్ వచ్చిన తర్వాత కూడా అనుమానం మీదనే ఆరు నెలల టీబీ మందుల కోర్సు మొదలుపెడితే అసలు జబ్బు లోపల ముదురుతుంది.

నరంలోకి ఎక్కిన మలినం గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. కుడి కవాటం మీద క్రిములు గడ్డకట్టి, ఆ గడ్డలు తునిగి, రెండు ఊపిరితిత్తుల అంచుల్లో చిన్న చిన్న గుల్లలు చేస్తాయి. చాలామందిలో ఇది స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా పని. కొద్దిమందిలో క్యాండిడా, ఆస్పర్జిల్లస్ వంటి ఫంగస్. 1980ల్లో యూరప్‌లో బ్రౌన్ హెరాయిన్ వాడినవారికి క్యాండిడా సోకితే, అందులో కలిపిన నిమ్మరసమే కారణమని తేల్చారు. మాత్రలు నూరి ఎక్కించుకునేవారికి ఇంకో ముప్పు ఉంది: మాత్రలోని టాల్క్ సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని ఊపిరితిత్తిని గట్టిపరుస్తుంది.

పరీక్షలు మన డాక్టర్లకు తెలియనివి కావు. యాంటీబయాటిక్ ఇవ్వకముందే రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీసి కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపాలి, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండు మిల్లీలీటర్లు పోసి పంపితే ఉన్న క్రిమి కూడా పెరగకపోవచ్చు. గుండెకు టూడీ ఎకో స్కాన్ చేయాలి. క్యాండిడా రక్తంలో పెరిగితే కంటిలో చుక్కలు వేసి రెటీనా చూడాలి, లేకుంటే చూపు పోవచ్చు. తెమడలో పెరిగిందని మాత్రం మందు రాయొద్దు, అది నోట్లో మామూలుగానే ఉంటుంది. ఆస్పర్జిల్లస్ రక్తం కల్చర్‌లో దాదాపు దొరకదు. దానికి బ్రాంకోస్కోపీతో, అంటే ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి, తీసిన నీటిలో ఆ ఫంగస్ పదార్థాన్ని పట్టే గెలాక్టోమన్నన్ పరీక్ష కావాలి. ఈ పరీక్ష జిల్లా ఆస్పత్రుల నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి, అక్కడ లేకుంటే హైదరాబాద్‌కు నమూనా పంపించి చేయించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి.

టీబీ మందు ఊరికే వేస్తే నష్టమేముందని అనుకోవద్దు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, ఆస్పర్జిల్లస్‌కు ఇచ్చే వోరికోనజోల్ మందును ఒంట్లో పనికిరాకుండా చేస్తుంది. మత్తు మాన్పించడానికి ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ బలాన్నీ తగ్గిస్తుంది. అప్పుడు రోగి ఒళ్లు నొప్పులు, వణుకు తట్టుకోలేక వార్డు వదిలి మళ్లీ సూది దగ్గరికే పోతాడు.

ఇవన్నీ మొదలు కావాలంటే రోగి సూది సంగతి చెప్పాలి. పక్కన తండ్రి, గుమ్మంలో కానిస్టేబుల్ ఉంటే ఏ పిల్లవాడూ చెప్పడు. స్వచ్ఛందంగా మత్తు చికిత్సకు వచ్చినవారికి, స్వల్ప పరిమాణం కేసుల్లో, మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. ఈ మాట ప్రతి ఓపీ గది బయట తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. దాని కిందనే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 కూడా ఉండాలి.

– ఒక మైక్రోబయాలజిస్టు, హనుమకొండ