డిసెంబర్ 2025 వార్తాలేఖ: ఒక కాగితపు నక్షత్రం గురించి, ఇంకొన్ని సంగతులు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం సాయంత్రం నుంచి ఆరో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక కాగితపు నక్షత్రం కానుక మీద నడుస్తున్న గొడవ నా దాకా వచ్చింది. ఆ గ్రూపులో నేను లేను. అయినా స్క్రీన్‌షాట్లు పంపే శ్రేయోభిలాషులకు మన బడిలో కొదవ లేదు. ఆదివారం గుడి నుంచి ఇంటికి వచ్చేసరికి ఫోన్ నిండిపోయి ఉంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాయడం మేలనిపించింది.

ముందు మామూలు సంగతులు. 24 నుంచి 28 వరకు సెలవు, 29 సోమవారం బడి ఉంటుంది, జనవరి 1 మళ్లీ సెలవు. పదో తరగతి వాళ్లకు 27 శనివారం లెక్కల క్లాసు ఉంది, ఊళ్లకు వెళ్లిపోకండి. సంక్రాంతి సెలవుల తేదీలు ప్రభుత్వం ప్రకటించాక చెబుతాం, దయచేసి రోజూ ఆఫీసుకు ఫోన్ చేసి అడగకండి. మూడో విడత ఫీజు జనవరి 10లోగా కట్టాలి. పొగమంచు వల్ల బస్సులు పది నిమిషాలు ఆలస్యంగా వస్తున్నాయి. డ్రైవర్లను నెమ్మదిగా నడపమని చెప్పింది నేనే, వాళ్లను ఏమీ అనకండి.

ఇక అసలు విషయం. శనివారం సెమీ క్రిస్మస్ రోజున ఎప్పటిలాగే 'క్రిస్మస్ ఫ్రెండ్' ఆట ఆడించాం. డిసెంబర్ మొదటి వారంలో పిల్లలు చీటీలు తీస్తారు. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లకు ఆ మూడు వారాలూ తెలియకుండా ఏదో ఒక మంచి పని చేయాలి, చివరి రోజున ఒక చిన్న కానుక ఇవ్వాలి. కానుక యాభై రూపాయలు దాటకూడదు, చేత్తో చేసిందైతే మరీ మంచిది. ఈ మాట డైరీలో రెండుసార్లు రాయించి మీ సంతకం కూడా తీసుకున్నాం. సంతకాలన్నీ ఉన్నాయి, చూసుకున్నాను.

ఆరో తరగతిలో ఒక బాబుకు కాగితపు నక్షత్రం వచ్చింది. దాని ఫొటో, కింద 'వేలకు వేలు ఫీజులు కట్టేది ఇందుకేనా' అన్న వ్యాఖ్య, దాని కింద ఏడుపు బొమ్మలు, నవ్వు బొమ్మలు మీరందరూ చూశారు. ఆ నక్షత్రాన్ని దగ్గరగా చూసినవాళ్లు మీలో ఎందరో నాకు తెలియదు. నేను చూశాను. ఐదేసి వెదురు బద్దలతో రెండు చుక్కలు కట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసలూ దారంతో బిగించారు. లోపలి మూలల్లో ఐదు పొట్టి పుల్లలు అడ్డంగా నిలబెట్టారు. నక్షత్రం చప్పిడిగా ఉండకుండా పొట్ట ఉబ్బి నిలబడేది ఆ పుల్లల వల్లే. ఆ తర్వాత పతంగి కాగితం, మైదా ఉడికించిన జిగురు. వెనక బల్బు పెట్టుకోవడానికి ఒక మూల తెరిచి వదిలేశారు. ఇంకో మూల చిరిగితే నోటుబుక్కు కాగితంతో అతుకు వేశారు. ఫొటోలో పెద్దది చేసి చూపించింది ఆ అతుకునే. బద్దలు సన్నగా, సమంగా చీల్చడం అంత సులువేమీ కాదు, కత్తి పట్టడం తెలిసిన చెయ్యి కావాలి. మన ఊళ్లలో ప్లాస్టిక్ నక్షత్రాలు రాకముందు ప్రతి క్రైస్తవ ఇంటి చూరుకూ వేలాడినవి ఇలాంటివే.

దాన్ని చేసిందెవరో ఇక్కడ రాయను. పిల్లలందరికీ తెలుసు, మీకూ ఈపాటికి తెలిసే ఉంటుంది. చేసిన చేతులు నాకు చాలా కాలంగా తెలుసు. పోయిన ఏడాది సైన్స్ ఫెయిర్‌లో చొప్ప బెండ్లతో నాగలి, బండి, మోట చేసి పెట్టినవి ఆ చేతులే. మోట నిజంగా నీళ్లు తోడింది కూడా! ఆ రోజు తనిఖీకి వచ్చిన అధికారి రెండుసార్లు తోడించుకుని చూశారు. నక్షత్రం అందుకున్న బాబు దాన్ని నలగకుండా బస్సులో కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడని ఆయమ్మ చెప్పింది. ఇంటికి వెళ్లేదాకా వాడికి అందులో లోపమే కనిపించలేదు.

అదే రోజు ఇంకో తరగతిలో ఒక పాపకు స్మార్ట్ వాచ్ వచ్చింది. డబ్బాలో బిల్లు కూడా ఉంది, తీయడం మరిచిపోయారో కావాలనే ఉంచారో నేను అడగలేదు. యాభై రూపాయల నియమం పేదపిల్లల కోసం పెట్టిందని ఒకరు గ్రూపులో రాశారట. కాదండీ, మీ పిల్లల కోసం కూడా పెట్టాం. పదకొండేళ్లకే కానుకను తిరగేసి ధర చూడటం అలవాటైతే దాన్ని మాన్పించడానికి మా దగ్గర పీరియడ్లు లేవు.

కొందరు 'ఇది మీ పండుగ సంప్రదాయమేనా మేడం' అని అడిగారు కాబట్టి చెబుతున్నాను. కానుకలిచ్చే ఎర్ర టోపీ తాత వెనక నికొలస్ అనే బిషప్ ఉన్నాడు. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా పట్టణపు బిషప్. ఆయన గురించి చెప్పుకునే కథ ఇది: ముగ్గురు ఆడపిల్లల తండ్రి కట్నాలివ్వలేక అల్లాడుతుంటే రాత్రిపూట ఎవరూ చూడకుండా వాళ్ల ఇంట్లోకి బంగారు నాణేల మూట విసిరి వెళ్లిపోయాడట. కట్నం సంగతి పక్కన పెట్టండి, పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడు నేనూ అక్కడ కాసేపు తడబడతాను. కథలో ముఖ్యమైనది చీకటి. ఇచ్చిందెవరో పుచ్చుకున్నవాడికి తెలియకూడదు, పుచ్చుకున్నవాడు తలదించుకునే పని ఉండకూడదు. మన చీటీల ఆటలో పేరు దాచేదీ అందుకే. మీ గ్రూపు ఆ పేరును ఒక్క రాత్రిలో బయటికి లాగింది.

యేసు పుట్టుక నాటకం రిహార్సల్స్‌లో ఐదో తరగతి పాప ఒకతె మంచి ప్రశ్న వేసింది. తనది గొర్రెల కాపరి వేషం. 'జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెస్తరు, మరి నేనేం తేవాలె మేడం?' అంది. లూకా సువార్త తీసి చదివాం. గొర్రెల కాపరులు ఏదైనా తెచ్చినట్టు అందులో లేదు. వచ్చారు, చూశారు, ఆ కబురు అందరికీ చెప్పుకుంటూ వెళ్లారు. జ్ఞానుల సంగతి మత్తయిలో ఉంది, వాళ్లు ముగ్గురని కూడా అక్కడ లేదు, కానుకలు మూడు కాబట్టి మనమే ముగ్గురిని చేశాం. పాప కాసేపు ఆలోచించి 'అయితే నేను ఉత్త చేతులతోనే వస్త' అని తీర్మానించి, రెండు చేతులూ చాపి చూపిస్తూ వేదిక మీదికి నడిచింది. ఇరవై ఆరేళ్లుగా ఈ నాటకం వేయిస్తున్నాను, ఇంత చక్కగా చేసిన కాపరిని చూడలేదు. ఆ పాప తండ్రి శనివారం ముందు వరుసలో కూర్చుని మొత్తం ఫోన్‌లో తీశారు. ఫోన్ పక్కన పెట్టి ఒక్క నిమిషం కళ్లతో చూసి ఉంటే బాగుండేది.

ఎనిమిదో తరగతిని ఈ నెల మొదట్లో మెదక్ చర్చికి తీసుకెళ్లాం. బస్సులో పోతే గంట దూరం, అయినా సగం మంది పిల్లలు లోపలికి వెళ్లి చూడటం అదే మొదటిసారి! బయట గోపురం దగ్గర సెల్ఫీ దిగి వచ్చేశామని చెప్పారు. 175 అడుగుల గోపురం ఫొటోలో పడాలంటే ఎలాగూ చాలా వెనక్కి జరగాలి. 1924 డిసెంబర్ 25న ఆరాధనకు తెరిచిన ఆ చర్చికి పోయిన ఏడాది నూరేళ్లు నిండాయి. పని మొదలైంది 1914లో. కరువు, దాని మీద ప్రపంచ యుద్ధం. తిండి లేక జనం మిషన్ బంగళా చుట్టూ చేరితే, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ చర్చి కట్టే పని పెట్టి, పనిచేసిన వాళ్లకు తిండి పెట్టించాడు. పదేళ్ల పాటు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు రాళ్లు మోశారు. ఇది చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, 'అన్నం పెట్టాలంటే ఊకెనే పెట్టొచ్చు కద మేడం, గింత పెద్దది ఎందుకు కట్టిచ్చుడు?' అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఇంకో అమ్మాయి, 'మా అమ్మ కరువు పనికి పోయినట్టే ఇది. ఊకెనే ఇస్తే మా అమ్మ తీసుకోదు' అంది. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు, ఊరుకున్నాను. ఆ ఇద్దరి పేర్లూ అసెంబ్లీలో చదివాను.

లోపల రంగు అద్దాల కిటికీలు మూడు: పుట్టుక, సిలువ, ఆరోహణం. అవి బయటి వెలుగు ఉన్నంతసేపే కనిపిస్తాయి. మధ్యాహ్నం మబ్బు పట్టి పుట్టుక కిటికీ మసకబారితే పిల్లలు మబ్బు పోయేదాకా అక్కడే కూర్చుంటామన్నారు. కూర్చున్నారు కూడా! డ్రైవర్‌కు కోపం వచ్చింది కానీ నాకు పండుగలా ఉంది.

ఎందుకంటే ఎదురుచూడటం మన పిల్లలకు రాదు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. ఈసారి నవంబర్ 30న మొదలైంది. అసెంబ్లీలో పచ్చని ఆకుల చుట్ట మధ్య వారానికో కొవ్వొత్తి చొప్పున నాలుగు సోమవారాలు వెలిగిస్తూ వచ్చాం, నాలుగోది ఈ పొద్దున వెలిగించాం. రెండో వారం రెండో తరగతి బాబు ఒకడు 'అన్నీ ఇయ్యాల్నే ఎలిగిస్తే పండుగ జల్ది వస్తదా?' అన్నాడు. నవ్వొచ్చింది కానీ వాడి తప్పేముంది? అక్టోబర్‌లో పుట్టినరోజైతే ఆగస్టులోనే సైకిల్ వచ్చే ఇల్లు. అరిసెలకు పాకం కుదిరేదాకా పొయ్యి దగ్గర తచ్చాడే పని లేదు, ఫోన్‌లో నొక్కితే గుమ్మంలో డబ్బా. (సెలవుల లెక్క కుదరక మనమే సెమీ క్రిస్మస్ అంటూ ఐదు రోజుల ముందే కేకు కోసేశాం కదా అంటారేమో. నిజమే. కేకు నా నిర్ణయం కాదు.) పశువుల పాక పోటీకి వచ్చిన నమూనాల గురించి కూడా ఒక మాట. మూడో తరగతి పిల్లలు థర్మాకోల్‌ను అంత నున్నగా కోసి, కంప్యూటర్ అక్షరాలతో పేరు అంటించి తేగలిగినందుకు తల్లిదండ్రులకు అభినందనలు. బహుమతి మాత్రం గడ్డి రాలిపోతున్న, గేదె గాడిద కంటే చిన్నగా ఉన్న పాకకు ఇచ్చాం.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. ఈ ఏడాది పాటలు ట్రాక్ పెట్టి పాడించనన్నాను, పాడించలేదు. 'డీజే పెట్టండి మేడం, ఖర్చు మేం ఇస్తాం' అన్నవాళ్లకు ధన్యవాదాలు, అక్కర్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఒకసారి తెరవండి. చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు మన రాగాల్లో కట్టిన కీర్తనలు అవి. మన అమ్మమ్మలు చదువు రాకపోయినా వాటిని నోటికి పాడేవారు. ఇప్పుడు ఆ పాటలకే కీబోర్డు దరువు వేసి, గొంతు తీసేసిన ట్రాక్ మీద పిల్లలు పెదవులు ఆడిస్తుంటే చూస్తూ కూర్చోమంటారా? నా వల్ల కాదు. హార్మోనియం, డోలక్, రెండు జతల తాళాలు, నలభై గొంతులు, అంతే. మైకు మధ్యలో పోయింది, ఎవరూ ఆగలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తండ్రితో పాటు ఊరి రామాలయంలో భజనకు పోతుంది. మొదటి రోజు రెండు చరణాలు వినగానే 'ఇది మా భజనల పాడే రాగమే' అని పట్టేసి, తనే ముందుపాట అందుకుంది. మిగతా వాళ్లు ఆమె వెనక నడిచారు. ఆ గొంతు విని నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. కూతురిని పంపినందుకు ఆ తండ్రికి ఈ లేఖ ద్వారా నమస్కరిస్తున్నాను. వచ్చే ఏడాది తాళాలు వేయడం నేర్చుకోదలచిన పిల్లలు ఇప్పుడే పేర్లు ఇవ్వవచ్చు, ట్యూషన్ ఉంది అనే కారణం నేను వినను.

ఇక నిర్ణయాలు. క్రిస్మస్ ఫ్రెండ్ ఆట వచ్చే ఏడాదీ ఉంటుంది. అప్పటికి యాభై రూపాయల వెసులుబాటు కూడా తీసేశాం, చేత్తో చేసినవే తేవాలి, బడిలోనే చివరి పీరియడ్‌లో చేయిస్తాం. స్మార్ట్ వాచ్ ఆఫీసు బీరువాలో ఉంది, ఇచ్చిన వాళ్లు వచ్చి తీసుకెళ్లండి. ఆరో తరగతి గ్రూపులో ఇకమీదట క్లాస్ టీచర్ మాత్రమే సందేశాలు పెడతారు. ఫొటో పెట్టిన వారితో నేను ఫోన్‌లో మాట్లాడాను. వారు చెప్పాల్సింది చెప్పవలసిన ఇంటికి వెళ్లి చెబుతామన్నారు, అంతకు మించి ఆ సంగతి ఇక ఎవరూ ఎత్తవద్దని మనవి. ఆ పిల్లవాడి ముందు అసలే వద్దు.

25న మెదక్ వెళ్లాలనుకునే కుటుంబాలు తెల్లవారుజామునే బయలుదేరండి, పొద్దెక్కితే కాలు పెట్టే చోటు ఉండదు. ఏ మతం వాళ్లయినా వెళ్తారు, మీకు తెలిసిందే. చలికి చిన్నపిల్లల చెవులు కప్పండి.

మీకూ మీ ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
22 డిసెంబర్ 2025

తా.క.: ఆఫీసులో పదకొండు స్వెట్టర్లు, నాలుగు టిఫిన్ డబ్బాలు, ఒకే ఒక్క ఎడమకాలి బూటు ఉన్నాయి. రేపు మధ్యాహ్నంలోగా ఎవరివి వాళ్లు తీసుకెళ్లకపోతే స్వెట్టర్లు పక్క తండాలో పంచేస్తాం. బూటు ఏం చేయాలో ఆలోచిస్తున్నాం.