వార్షిక నివేదిక 2024–25: కొద్ది గళ్లే కదిలే పావులపై మన సంఘం చేసిన కృషి

మాన్య సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన మేరకు, తిరుపతిలోని మన చదరంగ సంఘం ఈ ఏడాది మామూలు శిక్షణకు తోడు ఒకటి రెండు గళ్లకు మించి కదలని పావుల అధ్యయనాన్ని చేపట్టింది. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయే మంత్రి, ఏనుగు, శకటు మీదే మన పిల్లల చూపంతా నిలిచిపోతోందనీ, దూరం పోయేదే బలమైనదన్న అభిప్రాయం వారిలో పాతుకుపోతోందనీ శిక్షకులు చెప్పడమే ఇందుకు కారణం.

తరగతులను పర్షియా, అరబ్బు దేశాల పాత చదరంగమైన షత్రంజ్‌తో ప్రారంభించాం. 15వ శతాబ్ది చివరలో ఐరోపాలో ఇప్పటి నడక వచ్చేవరకు మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. శకటు స్థానంలో ఉండే ఫీల్, మధ్యలో ఏ పావు ఉన్నా లెక్కచేయకుండా, మూలగా సరిగ్గా రెండో గడికి దూకేది. బైరాగిపట్టెడలో జరిగిన తరగతిలో, సి1 నుంచి బయల్దేరిన ఫీల్ చేరగల ప్రతి గడిలోనూ పిల్లల చేత ఒక చింతగింజ పెట్టించాం. సి1, సి5, ఎ3, ఎ7, ఇ3, ఇ7, జి1, జి5 గళ్లతో గింజలు పెట్టే పని అయిపోయింది. 64 గళ్ల బోర్డు మీద దాని లోకం ఆ ఎనిమిదే. మిగిలిన మూడు ఫీళ్లకూ అలాగే గింజలు పెట్టించగా ఎవరి ఎనిమిది గళ్లు వారివే అయ్యాయి, ఒక్కటీ కలవలేదు. కనుక నాలుగు ఫీళ్లలో ఏ ఒక్కటీ మరొకదాన్ని ఎన్నటికీ చంపలేదు. ఒక్క గడి మాత్రమే కదిలే పాత మంత్రి ఒంటరిగానే 32 గళ్లు తిరిగివస్తుందని చూపినప్పుడు పిల్లలు పొందిన ఆశ్చర్యం, ఏడాది పొడవునా వారి ఆసక్తిని నిలబెట్టింది.

తరువాత జపాన్ వారి చదరంగమైన షోగి నేర్పించాం. 1030 ప్రాంతంలో పండితుడు అల్ బెరూనీ మన దేశపు చదరంగాన్ని వర్ణిస్తూ, ఏనుగు ముందుకు ఒక గడి, నాలుగు మూలలకూ ఒక్కో గడి కదులుతుందని, అవి దాని తొండానికీ నాలుగు కాళ్లకూ చెందిన చోట్లని రాశాడు. షోగిలోని వెండి సేనాని నడక అచ్చంగా అదే. థాయ్‌లాండ్ వారి చదరంగమైన మక్రుక్‌లోనూ ఆ నడక నేటికీ ఉంది. బంగారు సేనాని మాత్రం అడ్డంగా, నిలువుగా నాలుగు వైపులకూ, ముందరి రెండు మూలలకూ ఒక్కో గడి వెళ్తుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఎంత లోతైనదో ఒకే స్థితి చూపిస్తుంది. చివరి వరుసలో ఉన్న ఎదుటి రాజుకు ఎదురుగా, వెనుక తోడున్న బంగారాన్ని నిలిపితే, రాజుకు అటూ ఇటూ ఉన్న గళ్లతో పాటు బంగారానికి ఇరుపక్కల గళ్లూ మూసుకుపోయి ఆట కట్టవుతుంది. అక్కడే వెండిని నిలిపితే, అది పక్కలకు కదలలేదు కనుక, రాజు దాని పక్క నుంచే జారుకుంటాడు. షోగిలో చంపిన పావును చేతిలో ఉంచుకుని తరువాత తన పావుగా బోర్డు మీద పెట్టవచ్చు; అలా చేతిలో ఒక బంగారాన్ని చివరిదాకా దాచుకోమని షోగి ఆటగాళ్లు చెప్పేది ఇందుకే.

ఈ ఏడాది చేసిన పనుల్లో కార్యవర్గానికి అత్యంత తృప్తినిచ్చినది షోగిలోనే పెద్ద బోర్డు మీద ఆడే పాత రకమైన చూ షోగి బోర్డు తయారీ. పన్నెండు వరుసల ఆ బోర్డులో ఒక్కో పక్షానికి 46 పావులు కావాలి. కొయ్యబొమ్మలకు పేరుపడిన మాధవమాలలో పనివారి చేత వాటిని అయిదు భుజాల ఆకారంలో చెక్కించి, పేర్లు తెలుగులో రాయించాం. వెనక్కి తిన్నగా తప్ప అన్ని వైపులకూ ఒక గడి కదిలేది మత్తగజం; ముందుకు తిన్నగా తప్ప అన్ని వైపులకూ కదిలేది గుడ్డిపులి; ముందుకూ వెనక్కూ ఒక్కో గడి మాత్రమే కదిలేది మధ్యవర్తి. మత్తగజం ఎదుటివారి నాలుగు వరుసల్లోకి చేరి యువరాజుగా మారితే, రాజు పోయినా ఆట ఆగదు.

ఆ బోర్డు మీద మన మంత్రిలా ఎంత దూరమైనా పోగల పావు ఉంది. అయినా అన్నింటికంటే బలమైనది సింహమే. అది రెండు గళ్ల పరిధి దాటదు. కానీ ఒకే ఎత్తులో రెండడుగులు వేసి రెండు పావులను చంపగలదు, పక్కనున్న దాన్ని చంపి తన గడికే తిరిగి రాగలదు, అడ్డున్న పావుల మీదుగా దూకగలదు. సింహాలు తేలిగ్గా మార్పిడి అయిపోకుండా ప్రత్యేక నియమాలు పెట్టారంటే, ఆటకు అదే ప్రాణమని పూర్వులు గుర్తించారన్నమాట. దూరం పోయేదే బలమైనదన్న పిల్లల భావనకు ఇంతకంటే మంచి జవాబు లేదని మా దృఢ అభిప్రాయం.

గంగమ్మ జాతర రోజుల్లోనూ, బ్రహ్మోత్సవాల సమయంలోనూ తరగతులు జరగలేదు. చిత్తూరులోని సభ్యుల కోసం విడిగా శిక్షణ ఏర్పాటు చేయలేకపోయాం. వచ్చే ఏడాది తొలి పనిగా దాన్ని చేపడతాం. ఆదాయవ్యయాల పట్టికను కోశాధికారి సమావేశంలో ప్రవేశపెడతారు.

రెండో చూ షోగి బోర్డు చేయించడానికీ, షత్రంజ్ నియమాలతో పిల్లలకు ఒక పోటీ నిర్వహించడానికీ సభ్యుల ఆమోదం కోరుతున్నాం. ఇప్పుడున్న బోర్డును ఇంటికి తీసుకువెళ్లి సాధన చేయదలచినవారు కార్యాలయంలోని పుస్తకంలో పేరు రాసి, వారం లోపల పావులన్నీ లెక్క చూసి తిరిగి అప్పగించవలసిందిగా మనవి.