లోపలి ఫోమ్ చూసి రెజిన్ కొనండి

సంపాదకుల వారికి,

రుషికొండ, యారాడ తీరాల్లో సర్ఫింగ్ నేర్చుకుంటున్న పిల్లల గురించి పత్రికల్లో అప్పుడప్పుడు వస్తూనే ఉంది. వాళ్ల కాళ్ల కింద ఉన్న బోర్డు గురించి మాత్రం ఎవరూ రాయరు. బోర్డంటే లోపల ఫోమ్, దాని మీద రెజిన్ అనే గట్టిపడే ద్రవంతో తడిపి అతికించిన గాజు పీచు క్లాత్. కొత్త బోర్డు బయటి నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చే నడ్డి విరుస్తుంది. అందుకని కొందరు సొంతంగా చేసుకుందామని చూస్తారు, కొందరు పగిలినదాన్ని ఫైబర్ బోట్ల పని తెలిసినవారికి చూపిస్తారు. అక్కడ వినపడే మాట ఒకటే: "ఫైబర్ పనే కదా, పాలిస్టర్ రెజిన్ తెచ్చుకో, సరిపోతుంది." కొన్ని బోర్డులకు నిజంగానే సరిపోతుంది. మిగతావాటికి అదే రెజిన్ కళ్లముందే బోర్డును తినేస్తుంది.

పాలిస్టర్ రెజిన్‌లో మూడో వంతుకు పైగా స్టైరీన్ అనే ద్రవం ఉంటుంది. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్. స్టైరీన్ తగిలితే అది కరిగి గుంట పడుతుంది. రెజిన్ గట్టిపడేలోపే క్లాత్ కింద ఫోమ్ ఖాళీ అవుతుంది. కాబట్టి లోపల థర్మాకోల్ ఉంటే స్టైరీన్ లేని ఎపాక్సీ రెజిన్ తప్ప దారి లేదు. పాలీయురేథేన్ ఫోమ్ అయితే రెండూ పడతాయి, అక్కడ పాలిస్టర్ వాడితే చిన్నతనమేమీ లేదు. ప్రపంచమంతటా దశాబ్దాల పాటు బోర్డులు అలాగే చేశారు. 2005 డిసెంబరులో అమెరికాలో ఆ పాలీయురేథేన్ ఫోమ్ చేసే క్లార్క్ ఫోమ్ కంపెనీ రాత్రికి రాత్రి మూతపడి ఆ ఫోమ్‌కు కరువొచ్చాకే థర్మాకోల్, ఎపాక్సీ జోడీ వైపు చాలామంది మళ్లారు.

లోపల ఏముందో తెలియకపోతే పగిలినచోట నుంచి గోరంత ముక్క తీసి చెంచాడు ఎసిటోన్‌లో వేయండి. థర్మాకోల్ అయితే చూస్తుండగానే కుంగి జిగురైపోతుంది, పాలీయురేథేన్ అలాగే ఉంటుంది. ఆ పరీక్ష చేసే వీలు లేకపోతే రిపేరుకు ఎపాక్సీయే వాడండి. పాత పాలిస్టర్ పొర మీద ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ వేస్తే మాత్రం కొన్నాళ్లకు అంచు లేచిపోతుంది.

బోట్ల పనికీ బోర్డు పనికీ అసలు తేడా ఇంకోటుంది. బోటును అచ్చులో చేస్తారు. ముందు జెల్‌కోట్ అనే బయటి పూత, దాని మీద మ్యాట్ (నేయకుండా గాజు పీచు ముక్కలను అంటించిన చాప) వేస్తారు, నునుపు అచ్చు నుంచి వస్తుంది. బోర్డును లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి, చివరి పొరే చర్మం. బోటుకు వాడే 450 గ్రాముల మ్యాట్ తన బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెజిన్ తాగుతుంది. ఆరడుగుల బోర్డులో ఒక పక్క సుమారు 0.8 చదరపు మీటర్లు అనుకుంటే మ్యాట్, రెజిన్ కలిసి కిలో దాటిపోతుంది. అదే చోట 135 గ్రాముల నేత క్లాత్ ఒక పొర వేస్తే పావుకిలోకు కాస్త అటూ ఇటూ. పైగా మామూలు మ్యాట్‌లో పీచును అంటించి ఉంచే బైండర్ స్టైరీన్‌లో కరిగేలా చేసినది. ఎపాక్సీలో అది కరగదు, పీచు బిర్రుగా, తెల్లగా మిగిలిపోతుంది. ఎపాక్సీకి నేత క్లాత్ మాత్రమే వాడండి.

పాలిస్టర్ కలిపేవారికి ఒక్క హెచ్చరిక, మిగతావన్నీ దీని తర్వాతే. కోబాల్ట్‌నూ (గట్టిపడటాన్ని వేగం చేసేది) క్యాటలిస్ట్‌నూ (గట్టిపడటం మొదలుపెట్టేది) నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకండి, మండుతుంది, పేలనూ వచ్చు. కోబాల్ట్ ముందుగా రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్ట్ వేయాలి. అర కిలో రెజిన్‌కు 5 నుంచి 7.5 గ్రాముల క్యాటలిస్ట్, అంటే ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. మే నెల ఎండలో ఒక శాతం చాలు. ఇంకా తగ్గిస్తే తీరిక దొరుకుతుందని కొందరి లెక్క. తీరిక దొరుకుతుంది గానీ రెజిన్ ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. క్లాత్‌ను తడిపే లామినేషన్ పొరలో మైనం ఉండకూడదు. గాలి తగిలే పైభాగం జిగటగా ఉంటేనే తర్వాతి పొర పట్టుకుంటుంది. సాండింగ్‌కు ముందు వేసే పూతలో మాత్రం స్టైరీన్‌లో కరిగించిన మైనం కలపాలి, లేకపోతే ఎమరీ పేపర్ నిమిషంలో జిగురుతో మూసుకుపోతుంది.

ఎపాక్సీ దగ్గర ఇలా పాళ్లు మార్చడం పనిచేయదు. ఎక్కువ హార్డనర్ (ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవం) పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పాలిస్టర్ అలవాటు. ఎపాక్సీలో హార్డనర్ రెజిన్‌కు జత, ఎక్కువైనా తక్కువైనా జత కుదరని భాగం మెత్తగా మిగిలిపోతుంది. డబ్బా మీద 2:1 అని ఉంటే అది ఘనపరిమాణమా, తూకమా చూసుకోవాలి. హార్డనర్ రెజిన్ కంటే తేలిక. అందుకే ఘనపరిమాణంలో 2:1 ఉన్న రకం తూకంలో చాలాసార్లు 100కు 45 దగ్గర ఉంటుంది, కచ్చితమైన అంకె తయారీదారు కాగితంలో చూడాలి. అది చూడకుండా తూచి 100కు 50 పోస్తే పొర పూర్తిగా గట్టిపడక మెత్తగా మిగలవచ్చు. వంటింటి డిజిటల్ కాటా చాలు. మూడు నిమిషాలు గిన్నె అంచులు, అడుగు గీకుతూ కలిపి, వేరే కప్పులోకి ఒంపి మళ్లీ కలపండి. అర కిలో కలిపి బకెట్‌లో వదిలేస్తే వేడెక్కి పొగలొస్తాయి. వెడల్పు ట్రేలోకి ఒంపాలి, లేదా వెంటనే బోర్డు మీద పోయాలి.

విశాఖ గాలి ఎపాక్సీకి అంత అనుకూలం కాదు. పొద్దున ఎండ ఎక్కుతుండగా పని మొదలుపెడితే థర్మాకోల్‌లోని గాలి వ్యాకోచించి క్లాత్‌లోంచి సూదిమొనంత బుడగలై పైకి వస్తుంది. చల్లబడేటప్పుడు వేస్తే రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది. అలాగని చీకటి పడ్డాక వేస్తే సముద్రపు తేమకు పైన మైనంలాంటి జిడ్డు పొర కడుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య, షెడ్డులో వేడి తగ్గడం మొదలవగానే వేయడం మంచిది, పొద్దుగుంకేసరికి జిగట దశకు వస్తుంది. బొటనవేలు ఆనిస్తే గుర్తు పడి, రెజిన్ అంటకపోతే తర్వాతి పూత వేయవచ్చు. తెల్లారిపోతే ముందు నీళ్లు, పీచుతో కడగాలి, ఆ తర్వాతే సాండింగ్. కడగకుండా రుద్దితే జిడ్డును లోపలికి పూసినట్టే.

ఎపాక్సీ ధర పాలిస్టర్‌కు రెట్టింపు పైమాటే. ఒకే క్లాత్ మీద దెబ్బకు ఎక్కువ ఓర్చుకునేదీ, ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుపోయేదీ అదే. కానీ మామూలు వేడిలో ఆరిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో అద్దాలెత్తిన కారులో బోర్డు వదిలేస్తే లోపలి గాలి ఉబ్బి పై పొర పొక్కులా లేస్తుంది. ఇసుక మీద పరిచేటప్పుడు కూడా నీడ చూసుకోవాలి. తూచే ఓపిక లేనివారు పాలీయురేథేన్ ఫోమ్, పాలిస్టర్ ఎంచుకుంటేనే నయమని మా ఉద్దేశం.

స్టైరీన్ ఆవిరి అంటే ఏమిటో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ లీకేజీలో విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురం చూసింది. ఆ పరిమాణం వేరు, పదార్థం అదే. మూసిన గదిలో పాలిస్టర్ పని చేయకండి. బట్ట మాస్కు, ఎన్-95 ఆవిరిని ఆపవు, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. క్యాటలిస్ట్ కంటిలో పడితే చూపే పోవచ్చు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. ఎపాక్సీకి ఘాటు తక్కువ కాబట్టి జనం చేతులతోనే పూస్తారు. దాని ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం వదలదు. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకోండి, చేతికి అంటితే ఎసిటోన్‌తో కాకుండా సబ్బుతో కడగండి.

రెజిన్ అమ్మేవారికి ఒక మనవి. పెద్ద డ్రమ్ము నుంచి చిన్న డబ్బాల్లోకి ఒంపి లేబుల్ లేకుండా ఇస్తున్నారు. కోబాల్ట్ ముందే కలిపినదా కాదా, మైనం ఉందా లేదా అన్న రెండు సంగతులూ డబ్బా మీద మార్కర్‌తో రాసివ్వండి. తెలియక రెండోసారి కోబాల్ట్ కలిపిన రెజిన్ బ్రష్ ముంచేలోపే గడ్డ కడుతోంది. సర్ఫింగ్ నేర్పేవారు కూడా ప్రతి బోర్డు తోక దగ్గర 'థర్మాకోల్' అనో 'పీయూ' (పాలీయురేథేన్) అనో రాసి ఉంచితే రిపేరు చేసేవారికి ఎసిటోన్ చెంచా అవసరం ఉండదు.

— ఫైబర్, రెజిన్ పనివారం,
విశాఖపట్నం