గుడ్డు సరే, ఆకుకూర ఏది?

సంపాదకులకు,

ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆశ్చర్యమేముంది? మా వీధిలో మూడేళ్ల పిల్లలకు పొద్దున్నే టీలో ముంచిన బిస్కెట్లు, పదకొండింటికి పది రూపాయల చిప్స్ ప్యాకెట్. ఇక మధ్యాహ్నం ఆకలెక్కడిది? పైగా టీ వల్ల తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

అంగన్‌వాడీలో గుడ్డు పెడుతున్నారు, సంతోషం. కూర దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు ఆలుగడ్డ ముక్కలు, లేదంటే నీళ్ల సాంబారు. పక్కనే మునగచెట్టున్నా ఆ ఆకు మేకలకే పోతోంది. పప్పులో గుప్పెడు మునగాకు వేసి, అన్నంలో కాస్త నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. కొత్త కూరను పిల్లలు మొదట ఊసేస్తారు, పదేపదే పెడితేనే అలవాటవుతుంది. మనమేమో రెండోరోజే "మావాడు తినడండీ" అని తీర్మానించేస్తాం!

అంగన్‌వాడీ మెనూలో ఆకుకూరతో పాటు జామ, బొప్పాయి లాంటి పండ్లు తప్పనిసరి చేయాలి. ఉత్తర్వు ఒక్కటే ఇస్తే కుదరదు, కూరగాయలకిచ్చే డబ్బును మార్కెట్ ధరలను బట్టి ఎప్పటికప్పుడు పెంచాలి. టీచర్లు సొంత డబ్బు పెట్టి వండాలంటే ఎలా?

– ఒక పాఠకురాలు, ఖమ్మం