ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే: విదేశాంగ మంత్రి గారికి విశాఖపట్నం నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశీ వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

అమెరికా విద్యార్థి వీసాకు దరఖాస్తు చేసుకునే మా ప్రాంతపు పిల్లలకు ఎదురవుతున్న ఒక చిక్కును మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. వీసా ఇంటర్వ్యూ స్లాట్లు దొరకకపోవడం గురించీ, వీసా నిరాకరణల గురించీ నేను మాట్లాడబోవడం లేదు; అవి మరో దేశం చేతిలో ఉన్న సంగతులు. నేను చెప్పదలచుకున్నది పాస్‌పోర్టులోని ఇంటిపేరు గడి గురించి. అది పూర్తిగా మీ శాఖ పరిధిలోనిదే.

మా అమ్మాయి ఇంటర్ చదివే రోజుల్లో పాస్‌పోర్టు తీయించాం. గాజువాకలో మా ఇంటి దగ్గరి నెట్ సెంటర్ కుర్రాడు దరఖాస్తు నింపాడు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో మొదలై నాలుగు మాటలు ఒకే వరుసలో ఉంటే, ఆ నాలుగింటినీ ‘గివెన్ నేమ్’ గడిలో దింపేసి, ‘సర్‌నేమ్’ గడిని ఖాళీగా వదిలేశాడు. అతన్ని తప్పుపట్టలేను. గివెన్ నేమ్ అంటే ఫస్ట్ నేమ్ అని ఫారమే చెబుతోంది, మన పేర్లలో మొదట వచ్చేది ఇంటిపేరే కదా! పైగా ఆ గడి నింపకపోయినా దరఖాస్తు ఆగదు. పాస్‌పోర్టు వచ్చింది, బీరువాలో పెట్టాం, ఐదేళ్లపాటు దాన్ని ఎవరమూ పరిశీలనగా చూడలేదు.

అమెరికా విశ్వవిద్యాలయం నుంచి ఐ-20 (విద్యార్థి వీసాకు కావలసిన ప్రవేశ పత్రం) వచ్చాక ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లి డీఎస్-160, అంటే అమెరికా వీసా దరఖాస్తు ఫారం, నింపించాం. చేతికిచ్చిన కాగితంలో ఇంటిపేరు ఉండాల్సిన చోట మా అమ్మాయి పేరంతా ఉంది, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలున్నాయి. అదేదో యూనివర్సిటీ పేరనుకున్నాను. “ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని అంకుల్. మీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేదు కదా, వాళ్ల నిబంధన ప్రకారం అలాగే రాయాలి” అని అక్కడి అమ్మాయి చెప్పింది. సింహాద్రి అప్పన్న పేరూ మా అమ్మ పేరూ కలిపి పెట్టుకున్న పిల్లకు పేరు తెలియదట.

మా తోడల్లుడి కొడుకు అలాగే వెళ్లాడు. వీసా మీద పడిన ఆ మూడక్షరాలు అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీదికీ, బ్యాంకు కార్డు మీదికీ పాకాయి. అందుకని మేము పాస్‌పోర్టును రీ-ఇష్యూ చేయించుకున్నాం. రుసుము 1500 రూపాయలే, అది పెద్ద భారం కాదు. కానీ పాస్‌పోర్టు నంబరు మారినందువల్ల డీఎస్-160 మళ్లీ నింపాల్సి వచ్చింది, ఐ-20లో పేరు సరిచేయించాల్సి వచ్చింది, ఈలోగా హైదరాబాద్‌లో దొరికిన ఇంటర్వ్యూ తేదీ చేజారింది. ఆగస్టులో మొదలు కావలసిన చదువు జనవరికి వెళ్లింది.

ఇది అమెరికాకే పరిమితమైన ఇబ్బంది కాదు. 2022 నవంబరులో యూఏఈ కూడా పాస్‌పోర్టులో ఒకే పేరున్నవారి ప్రవేశంపై ఆంక్షలు పెట్టింది. ఇంటిపేరు లేని సమాజాలు దేశంలో ఉన్నాయి కనుక ఆ గడిని తప్పనిసరి చేయమని నేను కోరడం లేదు. మాకు మాత్రం ఇంటిపేరు ఉంది. అసలు మా వైపు వీధికి నలుగురు అప్పలరాజులుంటారు, ఇంటిపేరు చెప్పనిదే ఫలానావాడని తెలియదు. ఉన్నదాన్ని సరైన గడిలో రాయించమన్నదే నా మనవి.

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఫొటో, వేలిముద్రలు తీసుకునే కౌంటరులో, దరఖాస్తుదారుకు వివరాలు చూపించేటప్పుడు, ఆ గడి ఖాళీగా ఉంటే “మీ ఇంటిపేరు రాయలేదు, ఇలాగే ఉండాలా?” అని తెలుగులో ఒక్కమాట అడిగేలా ఆదేశాలివ్వండి. 2017 నుంచి తపాలా కార్యాలయాల్లో నడుస్తున్న కేంద్రాల్లో ఇది మరీ అవసరం. ఇంట్లో మొదటి పాస్‌పోర్టు తీసుకునేవారు చాలామంది అక్కడికే వస్తారు. ఆన్‌లైన్ ఫారంలో ఆ గడి పక్కన “ఇంటిపేరు ఇక్కడ రాయాలి” అని తెలుగులో ఒక వాక్యం చేర్చండి. ఇప్పటికే ప్రవేశపత్రం చేతిలో ఉన్న విద్యార్థులు ఉన్న పేరునే రెండు గడుల్లోకి విడదీయమని వస్తే, వారి దరఖాస్తులను తత్కాల్ రుసుము లేకుండానే ముందుగా పరిష్కరించండి.

మా అబ్బాయి పాస్‌పోర్టు అపాయింట్‌మెంటు వచ్చే నెలలో ఉంది. ఈసారి దరఖాస్తు నేనే దగ్గర కూర్చుని నింపించాను. కౌంటరులో పక్కవారిని ఆ ప్రశ్న అడుగుతారేమో చూస్తాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి,
గాజువాక, విశాఖపట్నం